టీవీకి కప్పిన చీర

చిట్యాల దగ్గరి నేతగాళ్ళ ఊళ్ళో ఆదివారం పగలు. పక్క గదిలో సుగుణమ్మ భర్త వెంకటనర్సు మగ్గం ఆడుతున్నది. ఆ ఇంట్లో టీవీ అని పిలిచే బల్ల మీది కంప్యూటరు తెరకూ, కింది సీపీయూ డబ్బాకూ అడ్డంగా సుగుణమ్మ నిలబడింది; ఎదురుగా, పొద్దున్నే జడ్చర్ల నుంచి బస్సు దిగిన బిడ్డ స్వర్ణలత. నిన్నటి నుంచీ సుగుణమ్మకు అన్నం సయించడం లేదు.

“వద్దన్ననా? వద్దంటే వద్దు. దాన్ని ముట్టకు.”

“ముట్టకుంట ఎట్ల మారుస్తనే అమ్మా? పాత విండోస్‌కు ఇగ కంపెనీ కాపలా బంద్ అయింది. లినక్స్ అని ఇంకోటుంది, పైస ఖర్చు లేదు. అదెక్కిస్త.”

“ఫుకట్‌ల వచ్చింది ఎన్నడన్న మంచిదైందా?”

“గదంత నాకిడిచిపెట్టు. జర జరుగు.”

“జరగ. పాతదే ఉండని.”

“పాతదే ఉండాల్నా? మరి మొన్న ఫోన్ల ‘దొంగలు జొరబడ్తరా’ అని ఏడ్చిందెవరు? నేను డ్యూటీల ఉండంగ ఏడుసార్లు చేసినవ్!”

“చేస్త! భయపెట్టిందెవరు? ‘ఇగ గది పనికిరాదు, ఎవడన్న జొరబడ్తడు’ అన్నది నీ నోరు గాదు? పన్నెండేండ్ల సంది బాపు గీసిన చిటికి డిజైన్లు, నూలుకు ముడులేసి రంగులద్దే చీరలయి, దుప్పట్లయి... నాకు కన్ను మూతపడ్తదా?”

“అందుకే వచ్చిన గద! ముందుగాల డిజైన్లన్ని పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకుంట. గప్పుడే పాతది తుడుస్త. నువ్వు కొత్త పడుగు ఎక్కిచ్చేటప్పుడు ముందే పాత పోగులన్ని కోస్తవా? కొసలు మగ్గం మీద ఉంచి, ఒక్కొక్కటి అతుకుతవు గద. గిదీ గంతే.”

“నాకు నేత నేర్పుతానవ్? నువ్వు పుట్టకముందు సంది అతుకుతున్న.”

“మరి తెలిసి గూడ ఎందుకు అడ్డం నిలబడ్డవ్?”

“నిలబడ్త. నా ఇల్లు.”

“టీవీకి గీ చీరేంది? అయ్యో, నీ పెండ్లి చీర! తియ్యి దాన్ని.”

“చెయ్యి తియ్యి ముందు! దుమ్ము పడ్తది.”

“పడ్తే తుడుచుకుంటం! పానం మంచిగనే ఉన్నదా నీకు?”

“మెల్లగ మాట్లాడు, బాపు ఇంటడు.”

“ఇననీ! బాపూ, గిటు రా జర—”

“పిలువకు! నీకు దండం పెడ్త, పిలువకు.”

“...ఏమైందమ్మా?”

“ఏమైతది? ఏం కాలే.”

“మంగళారం సొసైటీల కొత్త చీర డిజైను ఇయ్యాలె. బాపు చేతులు వణుకుతున్నయి, మళ్ల గీయలేడు. అండ్ల ఉన్నయే మనకు దిక్కు. జరుగు, కంప్యూటర్ చాలు చేస్త.”

“కరెంటు లేదు.”

“నెత్తి మీద ఫ్యాను తిరుగుతాంది!”

“తిరిగితే తిరగనీ.”

“ఆగు, ఆగు. డబ్బ మీద గీ చీటేంది? ‘ప్రేమ్‌సాగర్ కంప్యూటర్స్, చిట్యాల’. మొన్న శుక్రారం తారీకు. డబ్బ దుకాణం పోయొచ్చిందా?”

“పోతే ఏంది?”

“ఎవరు తీస్కపోయిన్రు?”

“నేనే. ఆటోల ఒళ్లె పెట్టుకొని పోయిన. దొంగలు జొరబడకముందే కొత్తది ఎక్కిద్దామని.”

“అమ్మా! ఇంటికొచ్చినంక చాలు చేసి చూసినవా?”

“నిన్న చూసిన. సముద్రం బొమ్మ వచ్చింది, కొండ బొమ్మ వచ్చింది. బాపుది ఒక్కటి రాలే.”

“అన్నీ తుడిచిండా? వాడెవడు? తుడిచేముందు నిన్నొక మాట అడగద్దా? ఇప్పుడే ఫోన్ చేస్త, కడిగిపారేస్త—”

“ఆ పిలగాన్ని తిట్టకే. రెండుసార్లు అడిగిండు. ‘డిజైన్లు ఇంకోకాడ దాసిపెట్టిన్రా పెద్దమ్మా’ అన్నడు. ‘ఇంట్ల భద్రంగ ఉన్నయి, నువ్వు తుడువు నాయినా’ అన్న.”

“ఇంట్లనా? ఇంట్ల ఏడున్నయే?”

“డిజైన్లు కనవడేది టీవీల గద బిడ్డా... అందుకే టీవీకి చీర కప్పి ఇంట్ల పెట్టి, డబ్బ ఒక్కటే తీస్కపోయిన.”