విధానసౌధ ఎదుట రెండు వ్యాన్లు

ఇదేం న్యాయం పోలీసక్కా? నినాదం ఇవ్వాలన్నా మీరు చూపించిన చోటే ఇవ్వాలా? ఫ్రీడమ్ పార్కుకి పోండి, ఫ్రీడమ్ పార్కుకి పోండి! ఒకప్పటి జైలే కదా అది! స్వేచ్ఛ కావాలంటే జైలు గోడల మధ్యకెళ్లి అరవాలన్నమాట. బాగుంది!

ఇటు విధానసౌధ, అటు హైకోర్టు, మధ్యలో ఇంత ఖాళీ స్థలం. ఎవరిదక్కా ఇది? పావురాలదా? ‘ప్రభుత్వ పని దేవుని పని’ అని విధానసౌధ మీద అంత పెద్దగా చెక్కారే, మరి పని పోయినవాళ్లు ఎవరి మనుషులు?

నవ్వకండి. పుస్తకాలు చదివి మాట్లాడుతోందనేగా? అవును, చదివాను. ‘వీధి ప్రజలది’ అని వాళ్లకి చెప్పిందీ నేనే. హెబ్బగోడి ఇరుకు గదుల్లో కూర్చుని మరీ చెప్పాను. యూనియన్ పెట్టుకున్నందుకు ఫ్యాక్టరీ వాళ్లు గెంటేశారు వాళ్లని.

వాళ్లలో యోహానన్న మొత్తుకున్నాడు. “గ్రేస్ మేడమ్, పర్మిషన్ పార్కుకే ఉంది, అక్కడికే పోదాం. కేసులైతే ఇంకో ఫ్యాక్టరీ గేటు కూడా తొక్కనివ్వరు మమ్మల్ని” అన్నాడు. పిరికివాడివి అన్నాను. అందరి ముందూ అన్నాను.

అదిగో, మన ముందు వ్యాన్లో ఉన్నాడు. కిటికీ జాలీ పట్టుకుని, నేను నేర్పిన నినాదమే ఇప్పిస్తున్నాడు చూడండి. గొంతు పోయింది పాపం.

ఏంటీ? మళ్లీ చెప్పండి. “నీకేల అమ్మా ఈ గలాటా, మహదేవపుర ఐటీ కంపెనీలో మంచి పనుండాది నీకి. దారిన పోతా నిలబడి చూసినానని చెప్పు, దింపేస్తా” అనా? ఎంత దయ అక్కా! ఆ మాట వాళ్లకి చెప్పరేం? వాళ్ల మెళ్లో నాలాగా కంపెనీ ట్యాగు లేదనా?

దిగను. ఛీ, ఎలా దిగుతాను? మనిషినేనా నేను?

కేసు పడితే... కంపెనీకి తెలుస్తుందా? పోలీస్ వెరిఫికేషన్‌లో వస్తుందా? ఊరికే అడుగుతున్నా. మా చెల్లి ఏంజెల్ నర్సింగ్ చదువుతోంది, నా జీతం మీదే.

వద్దక్కా, తలుపు మీద చెయ్యి వెయ్యకండి. ఆగండి. యోహానన్న ఇటే చూస్తున్నాడు. చెయ్యెత్తి పిడికిలి చూపిస్తున్నాడు. నేనూ ఎత్తాలి కదా... ఇదిగో, ఎత్తాను.

ముందు ఆ వ్యాన్ పోనివ్వండి. అది మలుపు తిరిగాక తలుపు తియ్యండి.

వాళ్లెవరో నాకు తెలీదు.