హోసియా కాలి చప్పుడు

ఏంట్రా ఎల్వుడ్, ఆ రికార్డుని అలా వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూస్తున్నావ్? గీతలా? గీతలు లేక ఏముంటాయి, నలభై ఏళ్లు అరగదీశాం దాన్ని. జాగ్రత్త నాయనా, చెయ్యి జారితే ముక్కలైపోద్ది. మా అన్న హోసియాది ఈ లోకంలో మిగిలింది అదొక్కటే, ఫొటో కూడా లేదు. నువ్వు మెంఫిస్‌లో రికార్డుల కంపెనీలో చేరావని మీ అమ్మ చెప్పినప్పుడే అనుకున్నా, దీనికోసం వస్తావని. నీకంటే ముందు ఇద్దరు తెల్లపిల్లలు వచ్చిపోయార్లే. ఇదే వరండాలో కూచుని కళ్లు మూసుకుని విన్నారు. ఏముందయ్యా ఈ గరగరలో అంటే, "మనిషి పక్కగదిలో కూచుని పాడుతున్నట్టుందమ్మా" అన్నాడొకడు. అవును మరి. ఒక్కడు, ఒక్క గిటారు, వెనక ఇంకెవరూ లేరు. దాక్కోడానికి చోటేది వాడికి?

అసలది తయారవడమే ఓ గొడవ. మెంఫిస్‌లో ఏదో హోటల్ గదిలో పాడించారంట. మావాడికి కాలు నేలకేసి కొట్టకపోతే పాట రాదు. కంపెనీ ఆయనేమో, "అబ్బాయ్, నీ కాలి చప్పుడు మిషన్లో పడిపోతోంది" అని కింద దిండు పెట్టించాడు. ఇంకేముంది, మాట గుర్తురాదు, వేలు కదలదు. చివరికి ఆయన అటు తిరగ్గానే దిండు మెల్లిగా పక్కకి తోసేసి ఒక్క బిగిన పాడేశాడు. వచ్చి చెప్తూ ఎంత నవ్వాడో. నవ్వితే భుజాలెగిరేవి, అచ్చం మీ అమ్మకి లాగే... ఏం చెప్తున్నాను? ఆఁ, మా అమ్మ.

మా అమ్మకి చర్చి తప్ప ఇంకోటి పట్టదు. అన్న పాడే బ్లూస్ అంటే సైతాను పాటలే. "నా ఇంట్లో అది మోగిందంటే గిటారుతో పాటు నిన్నూ బయట పడేస్తా" అనేది, అన్నంత పనీ చేసింది. వాడు పత్తిమిల్లు దగ్గర గది తీసుకున్నాడు. ఆ ఏడే నది పొంగింది. మన నల్లోళ్ల మగాళ్లందర్నీ, అన్నతో సహా, తెల్లోళ్లు తుపాకీ చూపించి నదికట్ట మీద ఇసకబస్తాలెయ్యడానికి తోలుకుపోయారు. కట్ట తెగిపోయింది. నీళ్లు తీశాక పొలాలన్నీ వెతికాంరా. పాతిపెట్టడానికి చొక్కాముక్క కూడా దొరకలేదు మా అమ్మకి.

ఒకరోజు అమ్మ చర్చిలో ఉందనుకుని గ్రామఫోను మీద దీన్ని పెట్టాను. తిరిగి చూస్తే గుమ్మంలో నిలబడుంది. చచ్చాన్రా దేవుడా అనుకున్నా. తియ్యబోతే "ఉండు" అంది. దగ్గరికొచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టింది.

"ఆ దబదబ ఏంటే?"

"అన్న కాలమ్మా."

పాట అయిపోయింది. మళ్లీ పెట్టమంది. అప్పుడడిగింది చిన్నపిల్లలాగా, "పాట ఆపెయ్యవే. కాలు ఒక్కటి ఉంచు."

ఎలా కుదురుద్దిరా? కుదరదమ్మా అన్నాను. అయితే పోనీ, పాట కూడా ఉండనీ అంది. ఇక బతికినన్నాళ్లూ, ఆదివారం చర్చి నుంచి రాగానే టోపీ తియ్యకుండా ఆ కుర్చీలో కూచునేది. పాట మాటలు చెవిన పడకుండా పైకే ప్రార్థన చేసుకునేది. చెయ్యి మాత్రం పెట్టె మీంచి తీసేది కాదు.

ఏంటీ? మీ మిషన్లో పెడితే గరగరంతా పోద్దా? పాట శుభ్రంగా వినపడుద్దా? మంచిదే. మరి ఆ దబదబ?

అదీ పోద్దా.

ఇటివ్వు. ఇటివ్వరా దాన్ని. మొక్కజొన్న రొట్టె చల్లారిపోతోంది, తిను ముందు.