దర్జీ బాబాయి మందు సీసా

నా పేరు, తండ్రి పేరు, చిరునామా పై కాగితంలో రాసుకున్నారు. వయసు ముప్పై తొమ్మిది. క్యాన్సర్ ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఎవరి బలవంతమూ లేకుండా ఈ పోలీసు స్టేషనులో చెబుతున్నాను.

కీమో ఎక్కించుకున్న చాలామందికి పేగులు పుండై నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. వాటిని తగ్గించడానికి ఒక చెట్టు బెరడు నుంచి తీసిన సారాన్ని క్యాప్సూళ్లలో నింపి మా పెద్ద డాక్టరమ్మ పరీక్షిస్తున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త పొడి. సీసా మీద నంబరు మాత్రమే ఉంటుంది. ఎవరికేది వెళ్లిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ పరీక్షలో మా అక్క ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. రోజుకు పద్నాలుగు సార్లు బాత్రూముకు వెళ్లేది. తలుపు పక్కనే కుర్చీ వేసుకుని, "కాపురం ఇక్కడికి మార్చేశానే" అని నవ్వేది. నవ్వుతూనే లేచేది. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ తలుపు గడియ చప్పుడే. డ్యూటీలో ఉన్నా అదే చప్పుడు.

పోయిన నెల మూడో తారీకున అక్క క్యాప్సూల్ ఒకటి విప్పి నాలుక మీద వేసుకున్నాను. ఏ రుచీ లేదు. మర్నాడు, అదే పరీక్షలో ఉన్న దర్జీ బాబాయి కిటికీ దగ్గరికొచ్చి, "తేన్పొస్తే చాలు, విషంలా చేదమ్మాయ్. కానీ నిన్న మూడు గంటలు లేవకుండా మిషను తొక్కాను" అన్నాడు.

తొమ్మిదో తారీకు, మంగళవారం, పదకొండూ ఇరవైకి రక్తపరీక్షకు వెళ్తూ, "కాస్త చూస్తుండమ్మా" అని తన సంచి నాకిచ్చాడు. అక్క సీసా నా బ్యాగులో ఎందుకుందని మీరడిగారు. ఐదు రోజులుగా రోజూ తెస్తున్నాను. ఆయన సీసాలో ఇరవై ఆరు, అక్క సీసాలో ముప్పై. ఆయనవి అక్క సీసాలో పోసి, అక్కవి ఇరవై ఆరు ఆయన సీసాలో పోశాను. మిగిలిన నాలుగూ జేబులో వేసుకున్నాను. ఆయన మోచేయి మడుచుకుని వచ్చి, "ఆలస్యమైందా?" అన్నాడు. "లేదు బాబాయ్" అన్నాను.

ఐదో రోజుకు అక్క మూడుసార్లే లేచింది. రెండు ముద్దలు నేను పెట్టాక మూడోది తనే కలుపుకుంది.

పదిహేనో తారీకు, సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి దర్జీ బాబాయిని చక్రాల కుర్చీలో తెచ్చారు. పెదాలు పగిలిపోయాయి. ఆయన భార్య నా దగ్గరికొచ్చి, "పూట తప్పలేదమ్మా. బాగా పట్టిన మందే. మేమే ఏదో పొరపాటు చేసుంటాం" అంది. "మీరేం చేయలేదు పిన్నీ" అన్నాను. అంతవరకే అన్నాను. కిడ్నీలు దెబ్బతిన్నాయని మధ్యాహ్నం తెలిసింది. సోమవారం చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు. చెబితే అక్క సీసా లాక్కుంటారు. రెండు రోజులూ కుర్చీలో కూర్చోలేక నిలబడే పనిచేశాను.

బుధవారం ఉదయం ఏడింటికి అక్కకు చెప్పాను. "గుక్కెడు నీళ్లు నిలవని మనిషి కడుపు కొట్టి నాకు తినిపించావా?" అంది. సీసా తీసుకుని తనే ఆటో ఎక్కింది. నేను వెనకాలే వెళ్లాను. డాక్టరమ్మ రెండు సీసాలకూ సీలు వేయించారు. ఇక ఎవరికీ ఇవ్వడానికి లేదు, పరీక్షలోంచి ఇద్దరి పేర్లూ కొట్టేయాలి అన్నారు. నావైపు చూసి, "చేదుగా ఉంటే మందేనని నీకెవరు చెప్పారు?" అన్నారు.

దర్జీ బాబాయి నిన్నటి నుంచి మాట్లాడుతున్నాడట. నన్ను లోపలికి రానివ్వలేదు. అక్క నిన్న తొమ్మిది సార్లు లేచింది. నాతో మాట్లాడటం లేదు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దమన్నాను. "సంచిలో నుంచి దొంగిలించితిని" అని రాశారు. దొంగిలించలేదు. ఆయనే నా చేతికిచ్చి వెళ్లాడు. నమ్మి చేతికిచ్చాడని రాస్తే నాకే ఎక్కువ నష్టమని మీరు చెప్పారు. అయినా అలాగే రాయమన్నాను. దిద్దారు. ఇప్పుడిందులో ఉన్నదంతా నిజం, నేను చెప్పిందే.

(సంతకం)