మండపం పోయొచ్చిన పిల్ల

1987 ఫిబ్రవరి. హనుమకొండ చౌరస్తాలో పాండురంగం కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. పాండురంగం, ఎమ్మెస్సీ జువాలజీ చదివే అతని కూతురు అరుణ, అతని తల్లి మాట్లాడుకుంటున్నారు.

“ఒక్క మాట బిడ్డా. ఒక్కటే మాట. నాయనమ్మను తోలుకొని రామేశ్వరం పోయిన అను, అయిపాయె.”

“పోలేదు గద బాపూ.”

“పోలేదని నాకెరుకనే. నిన్నెవలడిగిన్రు పోయినవా అని?”

“వాళ్లు అడుగుతరు. గంటల వస్తాండ్రు గదా స్టేషన్ ఘన్‌పూర్ నుంచి.”

“అందుకే చెప్తాన. నువ్వు టూరుకు పోయిన తెల్లారే వచ్చి కూసున్నరు, పిల్లను చూస్తమని. నేనేం జెప్పాలె? మా పిల్ల మొగపిల్లగాండ్లతోని రైలెక్కి, సముద్రంల పురుగులు ఏరవోయిందని చెప్పాల్నా?”

“అదే చెప్పాలె. సారున్నడు, మేడం ఉన్నది, క్లాసు క్లాసంత పోయినం. చదువుకునేటందుకు పోయిన. దొంగతనానికి పోలె.”

“నోటికొచ్చింది చెప్పేసిన. మా అమ్మకు మొక్కున్నది, మనుమరాలు తోడువోయింది అన్న. ఆ పిల్లగాని తల్లి మస్తు సంబురపడ్డది. ఇసోంటి పిల్లనే మాకు కావాలె అన్నది.”

“ఇసోంటి పిల్ల ఈ ఇంట్ల లేదు.”

“అమ్మా, నువ్వన్న చెప్పు దీనికి.”

“నేనేం జెప్తరా పాండురంగం? నన్ను తీస్కపోయి నెక్కొండల నీ చెల్లె ఇంట్ల వెట్టి వస్తివి. ఎవలన్న చూస్తరని వాకిట్ల గూడ కూసోనియ్యకపోతివి. ఆ అర్రలనే చూసిన నేను రామేశ్వరం. ఇయ్యాల పొద్దుగాల మల్ల తీస్కొస్తివి, యాత్ర అయిపాయె అంటివి.”

“దీని పెండ్లి కోసమే గదనే అమ్మా. ఆ పుణ్యం నీకే వస్తది.”

“బాపూ, ఆ సంచిల ఏందది?”

“ఇసుక.”

“యాడిది?”

“రామేశ్వరానిది.”

“బాపూ.”

“వెనుక గల్లీల రామలింగం ఇల్లు కడుతాండు గదా, ఆడిది. జల్లెడ వట్టిన. యాత్ర పోయొచ్చినోళ్లను ఇసుక అడుగుతరు బిడ్డా. లేదంటె ఎట్ల?”

“వాళ్లు దాన్ని దేవునర్రల వెట్టుకుంటరు.”

“పెట్టుకోని. ఇసుక ఇసుకనే. జర నా మాట ఇను. నువ్వు వోయిన ఆ ఊరు, మండపం, ఆడికెల్లి రామేశ్వరం ఎంత దూరం?”

“దగ్గర్నే. సముద్రం మీద బ్రిడ్జి దాటితె రామేశ్వరమే. రైలు పోతాంటె ఒడ్డు మీదికెల్లే కనవడ్తది.”

“అంత దగ్గరికి వోయి గుడికి పోకుంట వస్తవా ఎవలన్న?”

“ఆఖరి దినం సెలవిచ్చిన్రు. అందరు గుడికి పోయిన్రు.”

“అగో. పోయినవు గదా మరి, ఇంకేం...”

“నేను పోలె. మేడంతోని మల్ల పడవెక్కి దీవికి పోయిన.”

“దేవుణ్ని ఇడిసిపెట్టి?”

“ఆ దీవులన్ని ఇప్పుడు నేషనల్ పార్కు బాపూ. పర్మిషన్ లేంది కాలు వెట్టనియ్యరు. మల్ల దొరుకుతదో లేదో అనుకున్న. పొద్దుగాల నీళ్లు ఎనుకకు వోతయి. పిక్కల లోతు నీళ్లల్ల నడుసుకుంట పోవచ్చు. కాళ్లకాడ్నే అన్ని, బతికున్నయి. సముద్ర దోసకాయ అని ఉంటది, కాయ కాదు, జీవమే. చేతులకు తీసుకుంటె నీళ్లు చిమ్మింది. మల్ల నీళ్లల్లనే ఇడిసిపెట్టినం. దాని బొమ్మ ఎన్నిసార్లు గీసిన్నో పరీక్షలకు. బతికుంటె గట్లుంటదని నాకెరుకనే లేకుండె.”

“చాలు. వాళ్ల ముంగట ఈ ముచ్చట తియ్యకు.”

“ఈ దినం తియ్యకుంటె జన్మంత తియ్యొద్దు. ఆ ఇంట్ల నేనేం చదివిన్నో, యాడికి పోయిన్నో నోరిప్పొద్దు. ఎప్పుడు బయటపడ్తదో అని బుగులు పడుకుంట బతకాలె. నాతోని కాదు.”

“సంబంధం పోతది.”

“పోనీ.”

“పోనీ అంటవా? బజార్ల నా మాట పోతది. రేపు దుకాణంల కూసుంటె ఎవల మొకం చూడాలె నేను?”

“అబద్ధం ఆడింది నువ్వు బాపూ. మొకం నన్ను దాసుకొమ్మంటవేంది?”

“అరుణా, ఇటు రా. సముద్రం ఎట్లుంటదే?”

“అమ్మా, ఇప్పుడు గాదు.”

“నువ్వాగురా. మీ అయ్య ఉన్నప్పటి సంది అడుగుతాన, ఒక్కపారి రామేశ్వరం తోలుకపొమ్మని. మిర్చి సీజనంటివి, దుకాణం ఎవలు చూస్తరంటివి. చెప్పు బిడ్డా, ఎట్లుంటది?”

“ఎంత చూసినా అవుతలి ఒడ్డు కనవడది నాయనమ్మా. మొదలు చూసినప్పుడు ఏడ్సిన నేను.”

“ఏడ్సినవా? ఎందుకే?”

“ఎరుకలే. ఇన్నొద్దులు నన్నెందుకు రానియ్యలె అని కోపమొచ్చిందో ఏమో.”

“రిక్షా ఆగింది. వాళ్లే. అమ్మా, నువ్వు గడపకాడ కూసో. పిల్లగాని తల్లి చెంబుల నీళ్లు తెస్తా అన్నది. యాత్ర చేసినోళ్ల కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటరు గదా, చల్లుకోని. నువ్వేం మాట్లాడకు. అరుణా, నువ్వు లోపటికి పో.”

“పోను.”

“పో బిడ్డా, నీకు దండం వెడ్త.”

“ఈడ్నే నిలవడ్త. అడిగితె ఉన్నదే చెప్త.”

“అడగరు తియ్యి. అడగకుంట నేను చూస్త... రండ్రి వదినె, రండ్రి. అగో, మీకోసమే కూసున్నది మా అమ్మ. ప్రయాణం బడలిక, మాట్లాడలేకపోతాంది. చెంబు కూడా తెచ్చిన్రా, మీ భక్తి ఎవలకుంటది వదినె. అమ్మా, కాళ్లు ముంగటికి వెట్టు.”

“చెంబు ఆడ వెట్టు బిడ్డా. నా కాళ్లు నెక్కొండ దాటలె. కడుగాలని ఉంటె ఇగో, మా మనుమరాలి కాళ్లు కడుగు. సముద్రంల నడిచొచ్చింది అది.”