ఏ మీటరైనా ఒకటే

ఆసుపత్రుల శ్వాసయంత్రాల్లో బిగించే సర్క్యూట్ బోర్డులను ఆ ఫ్యాక్టరీలో ఒక గదిలో పరీక్షిస్తారు. వాటి వోల్టేజీ కొలిచే పాత మీటరు పాడైతే వారం కిందటే వేరే కంపెనీది తగిలించారు. పరీక్ష ప్రోగ్రామ్ రాసిన పెద్దాయన ఈల వేసుకుంటూ గదిలోకి వచ్చేసరికి, టెస్టింగ్ ఇంజినీరు ఆయన కోసమే కాచుకుని కూర్చుంది.

“ఏ మీటరు పెట్టినా నా ప్రోగ్రామ్ నడుస్తుందన్నానా లేదా? ఒక్క లైనైనా మార్చలేదు, చూశావామ్మా?”

“చూశాను సార్. మీటరు లేకపోయినా నడుస్తోంది.”

“అంటే?”

“వైరు పీకేసి, మాడిపోయిన బోర్డు పెట్టాను. పాసైంది.”

ఆయన నవ్వబోయి మానేశాడు.

“మీటరు పలక్కపోతే, రావాల్సిన కొలతే వచ్చిందనుకోమని రాశాను. అప్పట్లో పైవాళ్లకి చూపించడానికి. తర్వాత తీసేద్దామనుకుని...”

“ఈ కొత్త మీటరుకి మీ ప్రోగ్రామ్ భాషే రాదు, వారం నుంచీ నోరు విప్పలేదు. మీరే అడిగి, మీరే జవాబు చెప్పుకుని, నూటికి నూరు వేసుకున్నారు. ఎంత తెలివి సార్!”

“మెల్లగా మాట్లాడు తల్లీ. ఈ వారం పాసైన బోర్డులు బయటికి వెళ్లాయా?”

“లేదు. లారీ ఎక్కకుండా నేనే ఆపించాను.”

“హమ్మయ్య! ఇంకేం మరి? సాయంత్రానికల్లా సరిచేసేస్తా. పైవాళ్ల దాకా ఎందుకులే.”

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

“పొద్దున్నే పైవాళ్లకి చెప్పేశాను సార్. తప్పు తెలిస్తే ఆయనే వచ్చి ఒప్పుకుంటారని మీ తరఫున మాట కూడా ఇచ్చాను. అనవసరంగా ఇచ్చాను.”