సీసాలో తాబేలు

అయిదు నెలల కూర్మనాథాన్ని చంకనేసుకుని, వేసవి సెలవులకు మొగుడితో విశాఖపట్నం వచ్చిందామె. సముద్రజీవుల పరిశోధనశాలలో, మందునీళ్ల సీసాలో కోసిపెట్టిన తాబేలును చూడగానే ఆమె ముక్కు మూసుకుంది.

"ఛీ! ఏటి మావా ఈ కంపు? ఎలిపోదాం పద."

"ఆగే. సీసాకి అంటించిన సీటీ సూడు. నా పేరే!"

"నీ పేరు ఇక్కడేటి?"

"దాన్ని భావనపాడు ఒడ్డున పట్టి తెచ్చిచ్చింది నేనే. అది సూపిద్దామనే మిమ్మల్ని తెచ్చాను."

"ఎప్పుడిచ్చావు?"

"పోయినేడు శివరాత్రికి. అప్పటికి బతికే ఉంది. పిల్లోణ్ణి ఇలాగియ్యి, ఎత్తి అయ్య పేరు సూపిస్తాను."

ఆమె బిడ్డ మొహాన కొంగు కప్పింది.

"ఆ రోజే కదా మావా, కొడుకునిమ్మని శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లకి ఆకుకూర తినిపించి మొక్కినాం?"

అతను బిడ్డ కోసం చేతులు చాచాడు.

"ఆ సేతుల్తో నా కూర్మనాథాన్ని ముట్టకు."