సన్న దారానికి పడ్డ చేప

నమ్మనంటే నమ్మనని మొహం మీదే అనేయవయ్యా బాబూ, ఆ కాగితం వంక చూస్తూ గొణగడమెందుకు? నువ్వొక్కడివేనా, ఈ ఆర్కాన్సా రాష్ట్రంలో సగం మంది నమ్మట్లేదు. దమ్ముంటే చివరిదాకా విను. విన్నాక కూడా నమ్మకపోతే ఈ వైర్లన్నీ నా మెడకే చుట్టి బిగించు!

ఆ మిషను ముల్లు చూడు, కాగితం మీద ఎలా ఎగురుతోందో! ఎగరదా మరి? డెబ్బై దాటినవాడి ఛాతీకి పటకా బిగించి, వేళ్ళకి తొడుగులు తొడిగి, "డెల్మర్ గారూ, చేపల గురించి ఎప్పుడైనా అబద్ధం చెప్పారా?" అని అడిగావు. "జన్మలో లేదు" అన్నాను. ముల్లు కాగితం చింపుకుపోయేలా గెంతింది. నువ్వు నవ్వాపుకున్నావు, చూశాన్లే. అది అబద్ధం కాదు నాయనా, అలంకారం! నేను చెప్పే చేప ఏటేటా కాస్త పెరుగుతుంది. మీ ఇంట్లో పిల్లలు పెరగరా?

అసలు చేపల పందెం గెలిచిన ప్రతివాడూ ఈ అబద్ధాల మిషను ముందు కూర్చోవాలని క్లబ్బులో బల్లగుద్ది నియమం పెట్టించిందెవరు? నేనే! ట్రాయ్ బ్లెడ్‌సో లాంటివాళ్ళ కోసం పెట్టించాను, నా కోసమా?

ఆ ట్రాయే ఫిర్యాదు చేశాడు. "ముసలాడు చేపని ముందురోజే పట్టి నీళ్ళలో ముంచిన బుట్టలో దాచాడు. లేకపోతే చలిగాలి విరుచుకుపడ్డ రోజున, పడవలన్నీ ఖాళీగా తిరిగొస్తే, వీడొక్కడికే తొమ్మిది పౌన్ల బాస్ చేప ఎలా పడింది? పడవలో ఒక్కడే ఉన్నాడు, సాక్షి ఎవడు?" అన్నాడట. నేను దొంగనని నువ్వు రాశావంటే, ఈ రిజర్వాయర్లో చచ్చేదాకా ఏ పందెంలోనూ పడవ దింపనివ్వరు నన్ను. చచ్చేదాకా అంటే ఎంతోకాలం లేదనుకో. కానీ నాకు మిగిలింది ఆ కాస్తేగా!

ఎలా పడిందో నేను చెప్తా. ట్రాయ్ పడవ చూశావా? ముందు నీళ్ళ అడుగు చూపించే మూడు టీవీ తెరలు, వెనక విమానమంత ఇంజను. చేప తోకాడిస్తే తెర మీద కనపడుతుందట. కనపడితే? నోరు తెరుస్తుందా?

వసంతంలో కొండల మీద తెల్లపూలు విచ్చగానే బాస్ ఒడ్డుకొచ్చి గులకరాళ్ళలో గూడు చేసుకుంటుంది. అప్పుడు మా అత్తగారైనా పట్టేస్తుంది. ఎండలు ముదిరితే, డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిన పాత రోడ్డు పక్కకి, లోతుకి దిగుతుంది. ఆకులు రాలే రోజుల్లో చిన్న చేపల గుంపుల్ని తరుముకుంటూ వాగుల్లోకి ఎగబడుతుంది. చలికాలం వచ్చిందా, మూగనోము పట్టినట్టు అడుగున నిలబడిపోతుంది. పెద్ద ఎర విసిరితే పక్కకి తప్పుకుంటుంది. అప్పుడు కావాలయ్యా ఈ చెయ్యి!

వెంట్రుకంత దారం. కంటికి ఆనదు, వేలికే తెలియాలి. చిటికెన వేలంత రబ్బరు వానపాము, దాని కింద బఠాణీ గింజంత సీసం. దింపాక ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు! అదే విద్య. ట్రాయ్‌కి చేతనవుతుందా అది? "ఏం తాతా, నిద్రపోయావా, పోయావా?" అని అరిచి, నా పడవ ఊగిపోయేలా అలలు లేపుకుంటూ పోయాడు ఆ రోజు.

వాడు కనుమరుగయ్యాక నా అసలు చోటుకి జారుకుని దింపానో లేదో, దారం బరువెక్కింది. లాగుడు లేదు, కుదుపు లేదు, తడిసిన దుప్పటి తగులుకున్నట్టు. మెల్లగా ఎత్తాను. పడవ ఒరిగిపోయింది! రిజర్వాయర్ నీళ్ళు అంగుళం దిగాయి! సరే, ముల్లు చూడకు, అంగుళం లేదనుకో. ఆ దారానికి ఆ చేపంటే పసిపిల్ల రిబ్బనుతో ఆబోతుని కట్టినట్టు. గుంజితే తెగుతుంది. అది పోయిన వైపల్లా పడవని పోనిచ్చాను. చేతులు కొయ్యబారాయి. ముక్కు కారితే తుడుచుకోలేదు.

ఎక్కడా? అదిగో, మళ్ళీ అదే ప్రశ్న! ట్రాయ్‌కి కావలసింది నిజం కాదు, నా చోటు. ఇక్కడ ప్రతివాడూ సీడార్ చెట్టు నరికి, సిమెంటు దిమ్మ కట్టి, ఎవరూ చూడకుండా నీళ్ళలో ముంచుకుంటాడు. చేపలు ఆ కొమ్మల్లో చేరతాయి. ఆ చోటు కన్నతల్లి అడిగినా చెప్పం.

నేను నాది కొత్తగా కాపురం పెట్టిన ఏడాది ముంచాను. మా చెక్క రేవు ముందే. తర్వాత విడాకులయ్యాయి. ఇల్లు, రేవు, కుక్క అన్నీ ఆవిడకే రాశారు. నీళ్ళ కింద చెట్టు సంగతి జడ్జి అడగలేదు, నేను చెప్పలేదు.

ఆవిడ ఊళ్ళో లేని రోజే అటు వెళ్ళేవాణ్ణి. ఆ రోజు ఉంది! చేప పైకి పొర్లగానే రేవు చివరకొచ్చి, "డెల్మర్! నేనిక్కడ ఏళ్ళ తరబడి వట్టి గాలం వేసుకుంటుంటే, నా గుమ్మం ముందే దాచావా దీన్ని?" అని చేతిలో కాఫీ కప్పు విసిరింది. భుజానికి తగిలింది. చెయ్యి కదిపితే దారం తెగుతుందని "అబ్బా" అని కూడా అనలేదు నేను. చేప వలలోకొచ్చేదాకా తిట్లాపి, నోరు తెరుచుకుని చూసింది.

చెప్పకపోతే దొంగనవుతాను. చెప్తే రేపు పొద్దున్నే ట్రాయ్ పడవ అక్కడుంటుంది, వాడికన్నా ముందు ఆవిడ కూర్చునుంటుంది. ఎటైనా ఊడేది నాదే. ఊడనీ!

ఈ వైర్లు పీకి, వెళ్ళి ఆవిడనే అడుగు. నా మేలు కోరి అబద్ధమాడే మనిషి కాదు. నా మేలు కోరి నిజం చెప్పే మనిషీ కాదనుకో, కానీ ఆ చేపని చూడలేదని మాత్రం అనదు. నల్లరాయి మలుపులో ఆకుపచ్చ కప్పు ఇల్లు. తలుపు తట్టి నా పేరెత్తకు, తియ్యదు. ఆవిడ పేరు రాసుకో: ఆర్డిత్ కెల్లమ్.